ఏలియన్స్ (1986)

‘ఏలియన్స్’ 1986 జులై 18న అమెరికాలో విడుదలైన ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ చిత్రం. రచన, దర్శకత్వం జేమ్స్ కామెరూన్. కథలో డేవిడ్ గైలర్, వాల్టర్ హిల్ కూడా పాలుపంచుకున్నారు. నిర్మాత గేల్ ఆన్ హర్డ్. రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1979లో వచ్చిన ‘ఏలియన్’కు ఇది సీక్వెల్. మొదటి సినిమాలో ఒక సరుకు నౌక, ఏడుగురు సిబ్బంది, ఒకే ఒక్క గ్రహాంతర జీవి. రెండోదానిలో ఒక కాలనీ, ఒక మెరీన్ల దళం, లెక్కకు అందనన్ని జీవులు. రాక్షసుల సంఖ్య పెంచితే భయం పలచబడుతుందని హారర్ తీసేవాళ్లందరికీ తెలుసు. ఆ నష్టం జరగకుండా కామెరూన్ ఏం చేశాడన్నదే ఈ సినిమా గురించి చెప్పుకోవలసిన అసలు సంగతి. ఆయన తన సైనికుల చేతికి కావలసినన్ని ఆయుధాలిచ్చి, ఆ తర్వాత ఒక్కొక్కటీ లాగేసుకున్నాడు. లాగేసుకున్న ప్రతిసారీ దానికో కారణం చూపించాడు.

కథ

సిగోర్నీ వీవర్ పోషించిన ఎలెన్ రిప్లీ మొదటి సినిమా చివర తన నౌక నాస్ట్రోమోను పేల్చేసి, ప్రాణాలు కాపాడుకునే చిన్న నౌకలో దీర్ఘనిద్రలోకి జారుకుంటుంది. ఆమె దొరికేసరికి 57 ఏళ్లు గడిచిపోతాయి. అంత ఖరీదైన నౌకను ఎందుకు పేల్చావని కంపెనీ విచారణ పెడుతుంది. జీవి సంగతి చెబితే ఎవరూ నమ్మరు. లైసెన్సు రద్దవుతుంది. సరుకుల రేవులో లోడర్ యంత్రం నడుపుకుంటూ బతుకుతుంటుంది. జీవి గుడ్లు దొరికిన ఎల్‌వీ-426 అనే గోళంలో ఇరవై ఏళ్లకు పైగా కాలనీ నడుస్తోందనీ, అరవై డెబ్భై కుటుంబాలు అక్కడ కాపురముంటున్నాయనీ విచారణ అధికారి మామూలుగా చెప్పేస్తాడు. ఆ మాట విన్నాక రిప్లీ ముఖం చూడాలి.

కొన్నాళ్లకు కాలనీతో సంబంధాలు తెగిపోతాయి. కంపెనీ మనిషి కార్టర్ బర్క్ (పాల్ రైజర్) వచ్చి మెరీన్లకు సలహాదారుగా వెళ్లమని అడుగుతాడు. మొదట కాదంటుంది. పీడకలలు నిద్రపోనివ్వకపోవడంతో ఒప్పుకుంటుంది, అదీ వాటిని చంపడానికే తప్ప వెనక్కి తేవడానికి కాదని మాట తీసుకున్నాకే. అక్కడ తప్పించుకుని తిరుగుతున్నది న్యూట్ అనే చిన్నపిల్ల ఒక్కతే. మిగతావాళ్లంతా వాతావరణాన్ని తయారుచేసే భారీ ప్లాంటులో, జీవులు కట్టుకున్న గూటి గోడలకు అతుక్కుపోయి ఉంటారు. లోపలికి వెళ్లిన దళంలో చాలామంది నిమిషాల్లో పోతారు. మిగిలినవాళ్లు బయటపడే దారి వెతుక్కోవడం, న్యూట్‌ను జీవులు ఎత్తుకుపోతే రిప్లీ ఒక్కతే గూటిలోకి దిగడం, అక్కడ గుడ్లు పెట్టే రాణి ఎదురుపడటం మిగతా కథ.

రాసిన కాలం, రాసిన మనిషి

‘ది టెర్మినేటర్’ మొదలుపెట్టాల్సిన సమయంలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ‘కోనన్’ రెండో భాగానికి కట్టుబడి ఉండటంతో కామెరూన్‌కు కొన్ని నెలలు ఖాళీ దొరికింది. ఆ ఖాళీలో ఆయన రెండు సీక్వెళ్ల మీద పనిచేశాడు: ఒకటి ఇది, రెండోది ‘రాంబో’ రెండో భాగం. ఒకే బల్ల మీద పెరిగిన ఆ రెంటిలోనూ వియత్నాం ఉంది. ఆయుధ బలం దండిగా ఉన్న సైన్యం తనకు తెలియని నేల మీదకు పోయి, తాను చిన్నచూపు చూసిన శత్రువు చేతిలో చిత్తుగా ఓడిపోవడమే ‘ఏలియన్స్’ వెన్నెముక. ఆ యుద్ధాన్ని మనసులో పెట్టుకునే రాశానని కామెరూన్ దాచకుండా చెప్పాడు. సార్జెంట్ ఏపోన్ పాత్ర వేసిన అల్ మాథ్యూస్ వియత్నాంలో పనిచేసిన మెరీనే. ఆయన కేకల్లో, చుట్ట నోట పెట్టుకునే తీరులో నటనగా అనిపించేది ఒక్కటీ లేదు.

1984లో ‘ది టెర్మినేటర్’ ఆడాకే స్టూడియో ఆయన్ని నమ్మి దర్శకత్వం అప్పగించింది. చిత్రీకరణ ఇంగ్లాండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో జరిగింది. ఖర్చు సుమారు కోటీ ఎనభై లక్షల డాలర్లు. తెర మీద కనిపించే దానితో పోలిస్తే అది చిన్న మొత్తం. పని సాఫీగా ఏమీ సాగలేదు. రిడ్లీ స్కాట్ అంటే అభిమానమున్న బ్రిటిష్ సిబ్బందికి ముప్పై దాటిన ఈ కొత్త దర్శకుడి మీద గురి కుదరలేదు. ఛాయాగ్రాహకుడు డిక్ బుష్ మధ్యలోనే తప్పుకోగా ఏడ్రియన్ బిడిల్ వచ్చాడు. ఆయనకు పూర్తి బాధ్యతతో ఇదే మొదటి సినిమా. మెరీన్ హిక్స్ పాత్రకు మొదట తీసుకున్న జేమ్స్ రెమార్ స్థానంలో మైకేల్ బీన్ చేరాడు. ఈ గొడవల జాడ తెర మీద ఎక్కడా లేదు.

ఆయుధాలు పోయే వరస

దాదాపు గంటసేపు పెద్ద జీవి ఒక్కటి కూడా దళం మీద పడదు. ఆ గంటనూ కామెరూన్ సరంజామా పరిచయానికీ, మనుషుల పరిచయానికీ వాడుకున్నాడు. వాస్క్వెజ్ (జెనెట్ గోల్డ్‌స్టీన్) దీర్ఘనిద్ర నుంచి లేస్తూనే కండలు పెంచే కసరత్తు మొదలుపెడుతుంది. హడ్సన్ (బిల్ పాక్స్‌టన్) నోరు మూతపడదు. హిక్స్ కిందికి దిగే నౌకలో నిద్రపోతాడు. లెఫ్టినెంట్ గోర్మన్ (విలియం హోప్)కు నిజమైన దాడుల అనుభవం దాదాపు లేదని తెలిసి అందరి ముఖాలూ మారతాయి. మెరీన్ల పాత్రధారులకు బ్రిటిష్ ఎస్ఏఎస్ పద్ధతిలో తర్ఫీదు ఇప్పించారు. కవచాల మీద ఎవరికి తోచిన రాతలు, బొమ్మలు వాళ్లే వేసుకున్నారు. అందుకే వీళ్లు ఎన్నో ఏళ్లుగా కలిసి తిరిగిన మనుషుల్లా ఉంటారు.

ఇక ప్లాంటు దృశ్యం. దళం కింది అంతస్తుల్లోకి దిగుతుంది. గోర్మన్ సాయుధ వాహనంలోనే కూర్చుని, హెల్మెట్ కెమెరాల నుంచి వచ్చే మసక బొమ్మలు చూస్తూ ఆదేశాలిస్తుంటాడు. రిప్లీకి ఒక అనుమానం వస్తుంది. వీళ్ల తుపాకుల్లో ఎలాంటి తూటాలున్నాయని అడుగుతుంది. కవచాన్ని చీల్చుకుని పోయి పేలే రకమని జవాబు. కానీ వాళ్లు నిలబడ్డది రియాక్టరును చల్లబరిచే వ్యవస్థ కింద. అక్కడ కాల్పులు జరిగితే ప్లాంటు మొత్తం పేలిపోతుంది. గోర్మన్‌కు ఈ ముక్క తట్టనే లేదు. మ్యాగజైన్లన్నీ తీసి ఇచ్చేయమని, మంటల తుపాకులు మాత్రమే వాడమని హుకుం జారీ చేస్తాడు. ఏపోన్ తిట్టుకుంటూనే అందరి దగ్గరా వసూలు చేసి సంచి మెరీన్ ఫ్రాస్ట్‌కు తగిలిస్తాడు. వాస్క్వెజ్ ఇవ్వకుండా దాచుకున్న భాగాన్ని తన పెద్ద తుపాకికి చప్పుడు లేకుండా తగిలించుకుని, ఇంకోటి సహచరుడు డ్రేక్‌కు అందిస్తుంది. హిక్స్ వీపున ఉన్న పాతకాలపు షాట్‌గన్ తీస్తాడు.

అర నిమిషం పట్టే ఈ చిన్న చిన్న పనులన్నీ తర్వాత లెక్కకు వస్తాయి. గోడలోంచి కదిలి వచ్చిన జీవి మెరీన్ డీట్రిక్‌ను పట్టుకుంటుంది. ఆమె చేతిలోని మంట అదుపు తప్పి ఫ్రాస్ట్‌ను అంటుకుంటుంది. అతని భుజాన వేలాడుతున్న మ్యాగజైన్ల సంచి పేలుతుంది. జాగ్రత్త కోసం ఇచ్చిన ఆదేశమే మనుషుల్ని చంపింది, ఆదేశం ఇవ్వకపోయినా చచ్చేవాళ్లే. గోర్మన్ చేతులెత్తేసి కూర్చుంటే రిప్లీ స్టీరింగ్ అందుకుని వాహనాన్ని గోడలు బద్దలు కొట్టుకుంటూ లోపలికి తోలుతుంది. ప్రాణాలు దక్కుతాయిగానీ వాహనం ఇరుసు పోతుంది. తమను కిందికి దింపిన డ్రాప్‌షిప్‌ను పిలిస్తే, తెరిచి ఉంచిన తలుపు గుండా జీవి ఎక్కేయడంతో అది కూలిపోతుంది. కూలిన దెబ్బకు ప్లాంటు అదుపు తప్పుతుంది. సాయం రావడానికి 17 రోజులు పడుతుంది. పేలుడుకు మిగిలిన సమయం 4 గంటలు.

యాక్షన్ సినిమాల్లో తరచుగా కనిపించే జబ్బు, కథానాయకుడికి అవసరమైనప్పుడు ఆయుధం దొరకడం, అవసరం తీరాక మాయమవడం. ఇక్కడ ప్రతి నష్టానికీ ముందు కారణం, వెనుక ఫలితం ఉన్నాయి. అందువల్ల ఎన్ని జీవుల్ని కాల్చి పడేసినా ధైర్యం రాదు. కాల్చిన కొద్దీ వాటి నెత్తురు యాసిడ్ అన్న సంగతి గుర్తొస్తూనే ఉంటుంది. ఎదురుగా చంపిన జీవి నెత్తుటి తుంపర పడే డ్రేక్ పోతాడు. గెలుపు కూడా ప్రమాదమే అయిన యుద్ధం ఇది.

మోషన్ ట్రాకర్ వాడుక ఈ ఎత్తుగడకు పరాకాష్ఠ. దగ్గరలో కదులుతున్నదేదో ఎంత దూరంలో ఉందో చెప్పే చేతి పరికరం అది. వాళ్లు దాక్కున్న గది తలుపులకు వెల్డింగ్ పెట్టేశారు. అంకెలు తగ్గుతూ వస్తాయి. ఒక దశలో ఆ దూరం గది పొడవు కంటే తక్కువైపోతుంది. అంటే జీవులు లోపలే ఉండాలి, కానీ కళ్ల ముందు ఏమీ లేదు. పరికరం పాడైందని ఒకరు, సరిగా చదవడం లేదని ఒకరు అరుచుకుంటుంటే హిక్స్ తలెత్తి పైకప్పు పలకను పక్కకు జరుపుతాడు. చూపించిన జీవుల కంటే ఆ అంకెలే ఎక్కువ భయపెట్టాయి. బీప్ శబ్దం వేగం పెరగడం తప్ప వేరే వాయిద్యం అవసరం రాలేదు.

రిప్లీ, న్యూట్, రాణి

యుద్ధం ఇంత బలంగా ఉన్నా సినిమాను మోసింది రిప్లీయే. మొదటి భాగంలో ఆమె బతికి బయటపడిన మనిషి. ఇక్కడ బతికి బయటపడ్డాక మిగిలే బాధను మోస్తున్న మనిషి. ఆమె మాటను ఎవరూ నమ్మని విచారణ గది, ఉలిక్కిపడి లేచే రాత్రులు, సిగరెట్టు కాలిపోతున్నా గమనించని చూపు వీవర్ నటనలో నిలిచిపోయాయి. ఆ మనిషికి న్యూట్ దొరుకుతుంది. న్యూట్‌గా వేసిన క్యారీ హెన్‌కు అంతకుముందు నటించిన అనుభవం లేదు. ఆ తర్వాత కూడా నటనను వృత్తిగా తీసుకోకుండా టీచరైంది. పిల్లను నవ్వించడానికో ఏడిపించడానికో సినిమా ఎక్కడా ప్రయత్నించదు. వీళ్లు సైనికులు, నిన్ను కాపాడటానికే వచ్చారని రిప్లీ ధైర్యం చెప్పబోతే, దానివల్ల ఒరిగేదేం లేదని ఆ పిల్ల మామూలు గొంతుతో చెబుతుంది. అక్కడున్న వాళ్లందరిలో పరిస్థితి అర్థమైంది రిప్లీకి, ఆ పిల్లకే.

గూటి అడుగున రిప్లీ, న్యూట్‌ను చంకనెత్తుకుని రాణి ముందు నిలబడే దృశ్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్కడ మాటలు లేవు. చుట్టూ గుడ్లు. రాణి అండకోశం నుంచి కొత్త గుడ్డు జారుతోంది. కాపలా జీవులు ముందుకు రాగానే రిప్లీ మంటల తుపాకిని గుడ్ల వైపు తిప్పి, ఒక్క క్షణం మంట వెలిగించి చూపిస్తుంది. రాణికి అర్థమవుతుంది. తల ఆడిస్తుంది, కాపలా జీవులు వెనక్కి తగ్గుతాయి. ఇద్దరు తల్లుల మధ్య బేరం కుదిరింది. అంతలో రిప్లీ పక్కనే ఒక గుడ్డు విచ్చుకుంటుంది. ఆమె తల పక్కకు వంచి రాణి వైపు చూసే ఆ చూపు, వెంటనే మొదలయ్యే మంట ఈ సినిమాలో రచన, నటన, సాంకేతికత మూడూ ఒక్కటైన చోటు. ఒక రబ్బరు బొమ్మకు బుద్ధి, కోపం, పిల్లల మీద మమకారం ఉన్నాయని నమ్ముతాం.

బర్క్‌ను కూడా ఇక్కడే తలచుకోవాలి. కాలనీవాసుల్ని గుడ్లున్న పాడుబడిన నౌక దగ్గరకు పంపింది అతనే, జీవిని రిప్లీ, న్యూట్‌ల శరీరాల్లో దాచి రేవు తనిఖీ దాటించాలని చూసిందీ అతనే. మర్యాదగా మాట్లాడే, చక్కగా బట్టలు కట్టుకునే ఈ మనిషి కంటే ఆ జీవులే నయమని, అవి లాభం కోసం ఒకదాన్నొకటి ముంచవని రిప్లీ అంటుంది. యంత్రమానవుడు బిషప్ (లాన్స్ హెన్రిక్సన్) దీనికి ఎదురు కొస. మొదటి సినిమాలో యంత్రమానవుడి చేతిలో చావు తప్పించుకున్న రిప్లీ ఇతణ్ని చూస్తేనే అసహ్యించుకుంటుంది. ఇరుకు గొట్టంలో పాకుతూ పోయి రెండో డ్రాప్‌షిప్‌ను దింపేదీ, చివరి క్షణం దాకా వదిలిపోకుండా ఉండేదీ అతనే. ఆమె నమ్మకం కొద్దికొద్దిగా మారే క్రమాన్ని సంభాషణ కంటే చేతల్లోనే చూపించారు.

తక్కువతో ఎక్కువ

స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన రాణి సుమారు 14 అడుగుల ఎత్తు. అంత పెద్దది పనిచేస్తుందా అన్న అనుమానం తీర్చుకోవడానికి ముందుగా ఒక చట్రం కట్టి, లోపల ఇద్దరు మనుషుల్ని నిలబెట్టి, చేతులుగా స్కీ కర్రలు ఇచ్చి, పైన నల్ల చెత్త సంచులు చుట్టి, క్రేన్‌తో ఎత్తి చూశారు. చెత్త సంచుల రాణి నడిచింది. తుది బొమ్మలోనూ లోపల ఇద్దరు మనుషులు, బయట హైడ్రాలిక్కులు, తీగలు, లాగే సిబ్బంది. చివరి పోరులో రిప్లీ ఎక్కే పవర్ లోడర్‌లో వీవర్ వెనక ఒక బలశాలి కనపడకుండా నిలబడి దాని కాళ్లూ చేతులూ కదిపాడు.

మామూలు జీవుల దుస్తులు కొన్నే ఉన్నాయి. బరువైన పూర్తి కవచాల బదులు నల్లటి బిగుతు దుస్తుల మీద ముక్కలు అతికించి, నృత్యకారులకూ స్టంట్ కళాకారులకూ తొడిగారు. వాళ్లు గోడల మీద, పైకప్పుల్లో పాకగలిగారు. వెలుగు తగ్గించి, ఒక్కో షాట్‌ను క్షణంలో కోసేస్తే వందలున్నట్టు తోచింది. ఎడిటర్ రే లవ్‌జాయ్ పని ఇక్కడ చాలా ఉంది. దీర్ఘనిద్ర పేటికలు అన్నీ చేయించే డబ్బు లేక కొన్నే చేసి అద్దం పెట్టి వరస పొడిగించారు. వాస్క్వెజ్, డ్రేక్‌ల పెద్ద తుపాకి, జర్మన్ ఎంజీ-42ను స్టెడీకామ్ చట్రానికి బిగించి చేసినది. సాయుధ వాహనం విమానాలను లాగే ట్రాక్టరు మీద కట్టినది. జీవుల గూడు కోసం లండన్‌లో మూతపడిన యాక్టన్ లేన్ విద్యుత్ కేంద్రాన్ని వాడుకున్నారు. నిజమైన ఇనుము, నిజమైన తుప్పు. ఆ సెట్టే 1989 నాటి ‘బ్యాట్‌మన్’లో రసాయనాల కర్మాగారంగా మళ్లీ పనికొచ్చింది. మెరీన్లు వచ్చిన సులాకో నౌక రూపం సిడ్ మీడ్‌ది, కాలనీ రూపకల్పనలో రాన్ కాబ్ చేయి ఉంది. రాబర్ట్, డెనిస్ స్కోటాక్ సోదరులు చిన్న నమూనాలతో మిగతా ప్రపంచాన్ని కట్టారు.

జేమ్స్ హార్నర్ సంగీతం గడువు తరుముతుండగా తయారైంది. ఆయన లండన్ చేరేసరికి సినిమా ఇంకా కూర్పులోనే ఉంది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో హడావుడిగా రికార్డు చేశారు. ఆ హడావుడిలో వచ్చిన ఘర్షణ తర్వాత దర్శకుడూ సంగీత దర్శకుడూ మళ్లీ కలిసింది ‘టైటానిక్’కే. అంత ఒత్తిడిలో పుట్టిన తప్పించుకునే ఘట్టపు సంగీతాన్ని తర్వాత ఎన్నో సినిమాల ట్రైలర్లు అరువు తెచ్చుకున్నాయి.

ఆదరణ, అభ్యంతరాలు

అమెరికాలో ఇది సుమారు 8.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ‘టైమ్’ పత్రిక ముఖచిత్ర కథనం ఇచ్చింది. ఏడు ఆస్కార్ నామినేషన్లు దక్కగా విజువల్ ఎఫెక్ట్స్‌కూ, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కూ అవార్డులొచ్చాయి. వీవర్‌కు ఉత్తమ నటి నామినేషన్ రావడం వీటన్నిటికంటే పెద్ద సంగతి. తుపాకి పట్టి రాక్షసులతో పోరాడే పాత్రను అకాడమీ అంత గౌరవంగా చూడటం అప్పటికి అరుదు. 1987లో హ్యూగో పురస్కారం కూడా దీనికే దక్కింది.

అభ్యంతరాలూ ఉన్నాయి. మొదటి సినిమాలో హెచ్.ఆర్. గీగర్ సృష్టించిన జీవి ఏమిటో, ఎందుకలా ఉందో అంతుపట్టని వింత. రాణి, కాపలాదారులు, గూడు అనే వ్యవస్థ పెట్టేసరికి అది చీమల పుట్టలా తెలిసిన జీవితమైపోయిందని కొందరి బాధ. అందులో నిజం ఉంది. ఆ రహస్యం మళ్లీ తిరిగి రాలేదు. కానీ దాన్ని ఇచ్చుకుని రాణి లాంటి ప్రత్యర్థిని పుచ్చుకోవడం మంచి మారకమే. వాస్క్వెజ్ విషయంలో అభ్యంతరం ఇంకా గట్టిది. లాటినా పాత్రకు వేరే మూలాలున్న నటికి రంగు పూసి, గోధుమ రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టడం ఈరోజు సమర్థించలేం. పాత్రకు గోల్డ్‌స్టీన్ ప్రాణం పోసిన మాట కూడా నిజమే. డ్రాప్‌షిప్ కూలే దృశ్యంలో వెనక తెర మీద బొమ్మ వేసిన సంగతి ఇప్పటి కళ్లకు ఇట్టే దొరికిపోతుంది.

ప్రభావం గురించి చెప్పాలంటే వీడియో గేముల దగ్గర మొదలుపెట్టాలి. ‘డూమ్’ తయారీదారులు ఒక దశలో ‘ఏలియన్స్’ హక్కులే తీసుకుందామనుకున్నారు. ‘స్టార్‌క్రాఫ్ట్’, ‘హేలో’ల సైనికుల మాటతీరులో ఏపోన్ దళం వినిపిస్తుంది. కామెరూన్ ‘అవతార్’లో సైనికులు ఎక్కి నడిపే యంత్రాలు పవర్ లోడర్ సంతానమే. సిగోర్నీ వీవర్‌ను మళ్లీ తన సినిమాలోకి తెచ్చుకున్నదీ అందులోనే. 1992లో వచ్చిన ‘ఏలియన్ 3’ మాత్రం మొదట్లోనే న్యూట్‌నూ హిక్స్‌నూ చంపేసింది. రెండో భాగాన్ని ప్రేమించినవాళ్లు ఆ దెబ్బ మర్చిపోలేదు, కామెరూన్ కూడా మెచ్చలేదు.

రెండు ప్రతులు

థియేటర్లలో ఆడిన ప్రతి 137 నిమిషాలు. 1990ల మొదట్లో లేజర్ డిస్క్ మీద వచ్చిన స్పెషల్ ఎడిషన్ 154 నిమిషాలు. పెరిగిన 17 నిమిషాలన్నీ ఒకే విలువ చేయవు. రిప్లీ నిద్రలో ఉండగా భూమ్మీద ఆమె కూతురు అమాండా ముసలిదై 66వ ఏట చనిపోయిందని తెలిసే దృశ్యం తప్పనిసరిగా ఉండాల్సింది. న్యూట్ కోసం ఆమె పడే తపనకు మూలం అక్కడుంది. ఫొటోలో కనిపించే వృద్ధురాలు వీవర్ సొంత తల్లి, నటి ఎలిజబెత్ ఇంగ్లిస్. తూటాల లెక్క సున్నాకు దిగిపోతుంటే మనుషులు లేకుండా కాల్చే తుపాకుల ఘట్టం కూడా ఆయుధాలు పోయే వరసలో చక్కగా ఒదుగుతుంది. న్యూట్ కుటుంబం పాడుబడిన నౌకను కనుక్కునే ముందు భాగం మాత్రం దెబ్బతీసింది. థియేటర్ ప్రతిలో కాలనీ ఎలా ఉండేదో మనకూ తెలియదు. వానలో, చీకట్లో మెరీన్లతో పాటే మొదటిసారి లోపల అడుగుపెడతాం. మొదటిసారి చూసేవాళ్లు 137 నిమిషాల ప్రతితో మొదలుపెట్టి, అమాండా కోసం రెండోది చూడటం మంచిది. 2024లో వచ్చిన 4కే డిస్క్‌లో ఫిల్మ్ మీది గింజల్లాంటి గరుకుదనాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేయడం మీద వివాదం రేగింది. ఆ గరుకు బొమ్మ బిడిల్ చీకటిలో భాగం కాబట్టి 2010 నాటి బ్లూరే దొరికితే దాన్నే ఎంచుకోవాలి.